పాత మిల్లింగ్ మిషన్‌కు స్టెప్పర్లు తీసి సర్వోలు: 750 వాట్స్ సరిపోతాయా?

గిర్నీ స్పేర్స్ (మిర్యాలగూడ) – జూన్ 9, రాత్రి 9.40

అందరికీ నమస్తే. మాది మిర్యాలగూడలో చిన్న వర్క్‌షాప్. రెండు లేత్‌లు, ఒక రేడియల్ డ్రిల్లు, ఒక టరెట్ మిల్లింగ్ మిషన్. పనంతా రైస్ మిల్లులదే: షాఫ్టులు, పుల్లీలు, ఎలివేటర్ బుష్‌లు, రబ్బర్ రోల్ బిగించే ఫ్లాంజ్‌లు. మిల్లింగ్ మిషన్ పాతది. చౌటుప్పల్ వైపు మూతపడిన ఒక ఫ్యాక్టరీ సామాను వేలం వేస్తే తెచ్చుకున్నాను. టేబుల్ 1100 ఎంఎం పొడవు, 250 వెడల్పు.

రెండేళ్ల కింద ఎక్స్, వైలకు (టేబుల్ అడ్డంగా, ముందుకు వెనక్కి జరిగే దిశలు) స్టెప్పర్ మోటార్లు (పల్సుకో అడుగు చొప్పున తిరిగేవి) బిగించి కంప్యూటర్‌కు కలిపాను. 86 ఫ్రేమ్, 8.5 న్యూటన్ మీటర్లవి. మెల్లగా నడిపితే బాగానే ఉండేది. పోయిన నెల సీజన్ నడుమ ఒక మిల్లుకు 12 ఫ్లాంజ్‌లు అర్జెంటుగా కావాలన్నారు, కొంచెం ఫీడ్ (కోసేటప్పుడు టేబుల్ జరిగే వేగం) పెంచాను. ఎనిమిది బాగా వచ్చాయి. తొమ్మిదోదానికి ఆరు బోల్టు రంధ్రాల్లో నాలుగు సరిగ్గా పడ్డాయి, రెండు 2 ఎంఎం పక్కకు పోయాయి. స్క్రీన్ మీద అంకెల్లో మాత్రం వీసమెత్తు తేడా లేదు. మోటార్ ఎక్కడో టక్కుమని జారి ఉంటుంది, నేను అప్పుడు గడపలో చాయ్ తాగుతున్నా. ప్రోగ్రామ్‌కు ఆ సంగతి తెలియక దాని దారిన అది పోతూనే ఉంది.

విసుగొచ్చి మూడు సర్వో కిట్లు (ఎంత తిరిగిందో చూసుకుంటూ సరిచేసుకునే మోటార్, దాన్ని నడిపే డ్రైవ్ డబ్బా) కొనేశాను. ఒక్కోటి 750 వాట్స్, 3000 ఆర్‌పీఎం, 80 ఫ్లాంజ్. జడ్ (పైకీ కిందికీ జరిగే దిశ) కోసం తీసుకున్నదానికి బ్రేక్ ఉంది. పెట్టె విప్పి చూస్తే ప్లేట్ మీద 2.39 న్యూటన్ మీటర్లు అని రాసి ఉంది. స్టెప్పర్ 8.5 కదా? అమ్మినాయన నన్ను ముంచాడా?

షాద్‌నగర్ స్క్రాప్ – జూన్ 9, రాత్రి 9.58

సర్వో అంటే మా దుకాణంలో ఇంజన్ ఆయిల్ డబ్బా. మా ఇంట్లో ఏసీ పక్కనుండే స్టెబిలైజర్. ఈ మూడో సర్వో సంగతి మీరే చెప్పాలె.

ఐటీఐ మెషినిస్ట్ (నల్గొండ) – జూన్ 9, రాత్రి 10.25

మిమ్మల్ని ఎవరూ ముంచలేదు. 8.5 అనేది స్టెప్పర్ నిలబడి ఉన్నప్పుడు పట్టుకునే బలం. తిరగడం మొదలయ్యాక అది పడిపోతూ వస్తుంది. 600 ఆర్‌పీఎం దగ్గర సగం కంటే కిందికి పోతుంది, ఆపైన ఇంకా తక్కువ. మీరు ఫీడ్ పెంచిన రోజే జారడానికి కారణం అదే. సర్వోకు ఆ 2.39 సున్నా నుంచి 3000 ఆర్‌పీఎం దాకా ఉంటుంది. కొద్ది సెకన్ల పాటు దానికి దాదాపు మూడింతలు కూడా ఇస్తుంది. లెక్క మీరే వేసుకోవచ్చు: వాట్లను 9.55తో గుణించి ఆర్‌పీఎంతో భాగించండి. 750 × 9.55 ÷ 3000 = 2.39.

మీ స్క్రూ పిచ్ (ఒక చుట్టుకు టేబుల్ జరిగే దూరం) ఎంత? 5 ఎంఎం అయితే నడుమ 2:1 టైమింగ్ బెల్టు పెట్టండి. స్క్రూ దగ్గర బలం 4.78 అవుతుంది, వేగం 1500 ఆర్‌పీఎం, అంటే నిమిషానికి 7.5 మీటర్లు. మీకు అందులో సగం చాలు. బెల్టు వల్ల ఇంకో లాభం కూడా ఉంది. టేబుల్, స్క్రూల జడత్వం మోటార్‌కు నాలుగో వంతుగానే కనిపిస్తుంది, ట్యూనింగ్ సులువవుతుంది.

ఇక అసలు ప్రశ్న. ఆ స్క్రూ బాల్ స్క్రూనా (నట్టులో గోలీల మీద దొర్లేది), పాత ఆక్మీ రాడ్డేనా (మర మీద మర రాసుకుంటూ జరిగేది)?

గిర్నీ స్పేర్స్ – జూన్ 9, రాత్రి 10.31

పాత ఆక్మీనే మేడం, 5 పిచ్. ప్లే (బ్యాక్‌లాష్, అంటే దిశ మార్చినప్పుడు తెలిసే వదులు) కొంచెం ఉంది. సాఫ్ట్‌వేర్‌లో బ్యాక్‌లాష్ 0.4 వేసి నడిపిస్తున్నా.

పాలమూరు ఫిట్టర్ (మహబూబ్‌నగర్) – జూన్ 10, ఉదయం 6.05

తమ్మీ, మోటార్లను మళ్ల పెట్టెల్లోనే పెట్టు. "కొంచెం ఉంది" అనే మాట ఫిట్టర్ నోట రావద్దు. నేను రిటైరై తొమ్మిదేండ్లయింది, ఇప్పటికీ డయల్ గేజ్ తలకింద పెట్టుకొని పండుకుంటా అని మా ఇంట్ల ఎక్కిరిస్తరు.

ఇట్ల చూడు. మాగ్నెట్ స్టాండ్ సాడిల్ (టేబుల్ కింద ఉండే దిమ్మ) మీద కూర్చోబెట్టు, డయల్ మొన టేబుల్ కొసకు ఆనించు. హ్యాండిల్ ఒకే దిక్కు తిప్పుకుంట వచ్చి సున్నా చెయ్యి. ఇప్పుడు వెనక్కి తిప్పు. ముల్లు కదిలేదాకా హ్యాండిల్ మీద ఎన్ని గీతలు పోయినయో అదే నీ ప్లే. ఎడమ కొస, నడుమ, కుడి కొస, మూడు చోట్ల రాసుకో.

అటెన్క ఇంకోటి. స్క్రూ కొసకు సెంటర్ రంధ్రం ఉంటది. దాంట్ల గ్రీజు పూసి ఒక చిన్న స్టీలు గోలీ అతికించు. డయల్ మొన ఆ గోలీ మీద పెట్టి టేబుల్‌ను చేత్తో అటూ ఇటూ తొయ్యి. ముల్లు ఊగిందంటే స్క్రూ రాడ్డే ముందుకు వెనక్కి పోతున్నది, అది బేరింగ్ తప్పు. గోలీ కదలక టేబుల్ ఒక్కటే కదిలితే నట్టు తప్పు. ఈ రెండూ వేరు చేయకుండ పైసలు ఖర్చు పెట్టకు.

కొత్తూరు వీఎంసీ – జూన్ 10, మధ్యాహ్నం 1.15

అన్నా, నిజం చెప్తే కోప్పడొద్దు. సర్వోలు, బాల్ స్క్రూలు, కంట్రోల్ కార్డు, ప్యానెల్ అన్నీ కలిపితే ఇంకొంచెం వేసుకొని పాత వీఎంసీ (వర్టికల్ మెషినింగ్ సెంటర్, కంప్యూటర్‌తో నడిచే పెద్ద మిల్లింగ్ మిషన్) దొరుకుతుంది. టూల్ ఛేంజర్ వస్తుంది, కవర్లు వస్తాయి, లూబ్రికేషన్ దానంతట అదే నడుస్తుంది. ఈ 'నీ' (knee, టేబుల్‌ను కింది నుంచి మోస్తూ పైకీ కిందికీ జరిగే భాగం) టైపు మిషన్ ఎంత చేసినా దాని ఇనుము అంతే కదా. నేను పదకొండేళ్లుగా వీఎంసీ మీదే ఉన్నా.

గిర్నీ స్పేర్స్ – జూన్ 10, రాత్రి 8.50

కోపమేం లేదన్నా. ఆ లెక్క నేనూ వేశాను. వీఎంసీ బరువు మా షెడ్డు ఫ్లోర్ మోయదు, కింద ఒకప్పుడు బావి పూడ్చిన మట్టి. కరెంటు లోడు పెంచుకోవాలి, డిపాజిట్ కట్టాలి. పైగా నా పనిలో సగం పాత షాఫ్ట్ తెచ్చి "దీనికి కీవే (కీ కూర్చునే గాడి) కొట్టు" అనేదే. దానికి ఇలా నాలుగు దిక్కులా తెరిచి ఉన్న మిషన్ కావాలి, షాఫ్ట్ బయటికి పొడుచుకొచ్చినా ఇబ్బంది ఉండదు.

కాకా, మీరు చెప్పినట్టే చూశాను. ఎక్స్: ఎడమ కొసన 0.15, నడుమ 0.75, కుడి కొసన 0.20. గోలీ పెట్టి చూస్తే రాడ్డే 0.12 ఊగుతోంది. వై నడుమ 0.45. నేను సాఫ్ట్‌వేర్‌లో వేసిన 0.4 మిషన్ మీద ఏ చోటికీ సరైనది కాదని ఇప్పుడు తెలిసింది.

పాలమూరు ఫిట్టర్ – జూన్ 11, ఉదయం 5.50

చూసినవా. పని ఎప్పుడూ టేబుల్ నడుమనే బిగిస్తవు, నడుమనే అరిగింది. నట్టు గుంజి బిగించి నడుమ సరిజేసినవనుకో, కొసలకు పోంగనే పట్టుకపోతది.

మీ ఊర్ల ఇంకో లొల్లి ఉంది. రైస్ మిల్లు బాయిలర్లల్ల ఊక కాలుస్తరు గద. ఊక బూడిదల నూటికి ఎనభై అయిదు పాళ్ల పైనే సిలికా ఉంటది, అంటే మెత్తటి ఇసుకే. అది గాలికొచ్చి స్లైడ్ మీద నూనెల పడితే ల్యాపింగ్ పేస్టు (అరగదీసే ముద్ద) లెక్క పనిచేస్తది. తెల్లబట్టతోని స్లైడ్ తుడిచి చూడు, నల్లగొస్తే మామూలే. బూడిద రంగు వచ్చి వేళ్ల నడుమ గరగరమంటే అదే.

గిర్నీ స్పేర్స్ – జూన్ 11, ఉదయం 8.20

గరగరమంటోంది కాకా.

ఐటీఐ మెషినిస్ట్ – జూన్ 11, రాత్రి 9.10

ఒక మాట అందరికీ ఉపయోగపడుతుందని రాస్తున్నాను, మా దగ్గర పిల్లలూ ఇదే పొరపడతారు. సర్వో వేస్తే ప్లే పోతుందనుకుంటారు. ఎన్‌కోడర్ ఉండేది మోటార్ వెనక. మోటార్ ఎంత తిరిగిందో దానికి తెలుసు, టేబుల్ ఎంత జరిగిందో తెలియదు. 0.75 ప్లే ఉన్న ఆక్మీకి సర్వో బిగిస్తే మోటార్ మైక్రాన్ తేడా లేకుండా తిరుగుతుంది, టేబుల్ మాత్రం ముప్పావు ఎంఎం ఆలస్యంగా బయలుదేరుతుంది.

సాఫ్ట్‌వేర్ కాంపెన్సేషన్ రంధ్రాలు వేయడానికి కొంత పనికొస్తుంది. మిల్లింగ్‌కు వచ్చేసరికి కట్టర్ దిశ, ఫీడ్ దిశ ఒకటైనప్పుడు (క్లైంబ్ మిల్లింగ్) కట్టర్ పన్ను టేబుల్‌ను తన వైపు గుంజుతుంది. ఆ ప్లే మొత్తం ఒక్కసారిగా లాగేసి కట్టర్ విరుగుతుంది, లేదా పని ముక్క లేచిపోతుంది. గుండ్రంగా కోసేటప్పుడు దిశలు మారుతూనే ఉంటాయి కాబట్టి తప్పించుకోలేరు. ఎక్స్, వై రెండూ బాల్ స్క్రూలు కావాల్సిందే. బలం లెక్క కూడా చూడండి. మీ బెల్టు, మీ మోటార్‌తో ఆక్మీ మీద 150 కిలోల తోపు వస్తే, అదే 5 పిచ్ బాల్ స్క్రూ మీద 550 కిలోల దాకా వస్తుంది. ఆక్మీలో ముప్పావు వంతు బలం రాపిడికే పోతుంది.

లైనక్స్ గద్వాల – జూన్ 12, రాత్రి 11.45

మేడం చెప్పింది వంద శాతం. నేను గద్వాలలో చిన్న రౌటర్ కట్టుకున్నా, అన్నా. కంట్రోల్ ఏది వాడుతున్నారు? ప్యారలల్ పోర్టా?

గిర్నీ స్పేర్స్ – జూన్ 13, ఉదయం 7.30

అవును తమ్మీ, పాత డెస్క్‌టాప్, ప్యారలల్ పోర్టు, లైనక్స్‌సీఎన్‌సీ (మిషన్ నడిపే సాఫ్ట్‌వేర్). స్టెప్పర్లకు సరిపోయింది.

లైనక్స్ గద్వాల – జూన్ 13, రాత్రి 10.20

సర్వోకు అక్కడే ఇబ్బంది వస్తుంది. మీ మోటార్ ఎన్‌కోడర్ 2500 లైన్లది అయితే ఒక చుట్టుకు 10,000 పల్సులు. 2:1 బెల్టు, 5 పిచ్ వేస్తే ఎంఎంకు 4,000. నిమిషానికి 4 మీటర్ల వేగానికే సెకనుకు 2,67,000 పల్సులు కావాలి. ప్యారలల్ పోర్టు నుంచి సాఫ్ట్‌వేర్ పల్సులు 30, 40 వేల దగ్గరే ఆయాసపడతాయి.

దారులు రెండు. డ్రైవ్‌లో ఎలక్ట్రానిక్ గేర్ అనే సెట్టింగ్ ఉంటుంది. చుట్టుకు 2,500 పల్సులు అని మార్చుకుంటే ఎంఎంకు సరిగ్గా 1,000 అవుతాయి, ఒక పల్సు అంటే ఒక మైక్రాన్. లెక్క చూసుకోవడానికి కూడా హాయి. అప్పుడు 4 మీటర్లకు 67 వేలు చాలు. అదీ పోర్టుకు ఎక్కువే. అందుకే రెండో దారి కూడా కలపండి: పల్సులు తనే పుట్టించే కార్డు. నేను మెసా 7ఐ76ఈ వాడుతున్నా, నెట్‌వర్క్ కేబుల్‌తో కంప్యూటర్‌కు కలుస్తుంది. లిమిట్ స్విచ్‌లు, రిలేలు 24 వోల్ట్‌లతో నేరుగా దానికే ఇవ్వొచ్చు.

ఒకటి మర్చిపోకండి. పల్స్, డైరెక్షన్ పద్ధతిలో లూప్ (తేడా చూసి సరిచేసే పని) డ్రైవ్‌లోనే మూసుకుంటుంది, కంప్యూటర్‌కు ఏమీ తెలియదు. డ్రైవ్ అలారం వైరు మూడింటి నుంచీ తెచ్చి కార్డుకు కలపండి. కలపకపోతే ఎక్స్ అలారం కొట్టి ఆగిపోతుంది, వై మాత్రం తన పని తాను చేసుకుంటూ పోతుంది. మీ తొమ్మిదో ఫ్లాంజ్ కథే మళ్లీ.

జడ్చర్ల ప్యానెల్ – జూన్ 14, రాత్రి 9.00

ఇప్పటిదాకా చదువుతూ ఊరుకున్నా. కరెంటు సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేను ఎత్తుతున్నా.

ఈ 750 వాట్ల డ్రైవ్‌లు 220 వోల్ట్ సింగిల్ ఫేజ్‌వి. చాలామంది ఏం చేస్తారంటే, త్రీ ఫేజ్ ఉంది కదా అని ఒక్కో డ్రైవ్‌ను ఒక్కో ఫేజ్‌కు, న్యూట్రల్‌కు మధ్య కలుపుతారు. లోడు సమంగా పంచినట్టు ఉంటుంది, చూడ్డానికి బాగుంటుంది. వాన గాలికి స్తంభం దగ్గర న్యూట్రల్ తెగితే? డ్రైవ్‌లకు 220 బదులు 300, 350, ఎంత వస్తుందో చెప్పలేం. పోయినేడు మా దగ్గర ఒక వర్క్‌షాప్‌లో సరిగ్గా ఇదే జరిగింది. రెండు డ్రైవ్‌లు, ఒక సీసీ కెమెరా డబ్బా, బల్బులన్నీ ఒకే నిమిషంలో పోయాయి. ఓనర్ ఫోన్ చేసి "పొగ వాసన మంచిదేనా" అని అడిగాడు.

మీరు 415 నుంచి 220కి దించే త్రీ ఫేజ్ ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్, 5 కేవీఏది చుట్టించుకోండి. దానికి సరఫరా న్యూట్రల్‌తో పనే లేదు. రాణీగంజ్‌లో రెడీమేడ్ దొరికినా, తెలిసిన వైండింగ్ వాళ్లతో రాగి తీగతో చుట్టిస్తే మేలు.

ఎమర్జెన్సీ బటన్‌ను కంప్యూటర్‌కు ఒక సిగ్నల్‌లా మాత్రమే ఇవ్వొద్దు. బటన్ నొక్కితే డ్రైవ్‌ల కాంటాక్టర్ పడిపోవాలి. పడిపోయాక కూడా డ్రైవ్ మీద చార్జ్ లైటు ఆరేదాకా లోపల చెయ్యి పెట్టొద్దు, కెపాసిటర్లు అయిదు నిమిషాలైనా పట్టి ఉంచుతాయి. ప్యానెల్ ఫ్యాన్‌కు మందపాటి ఫిల్టర్ పెట్టండి, మీ ఊరి ఊక దుమ్ముకు వారానికోసారి దులపాలి. మే నెలలో మీ రేకుల షెడ్డులో ప్యానెల్ లోపల 50 డిగ్రీలు దాటుతుంది, అందుకే ప్యానెల్‌ను పడమటి గోడకు పెట్టొద్దు.

గిర్నీ స్పేర్స్ – జూలై 6, రాత్రి 9.15

అందరికీ థాంక్స్. మూడు వారాలు కనపడలేదు, మిషన్ విప్పేశాను. స్లైడ్లు కిరోసిన్‌తో కడిగితే గిన్నెడు బురద వచ్చింది. బాల్ స్క్రూలు ఆర్డర్ పెట్టాను, సీ7 గ్రేడ్, రెండూ 5 పిచ్.

ఇప్పుడు కొత్త చిక్కు. ఎక్స్‌కు 32 వ్యాసం తీసుకోమని అమ్మకందారు అంటున్నాడు. దాని నట్టు ఒళ్లు 50 ఎంఎం, 25 రాడ్డు నట్టు అయితే 40. సాడిల్‌లో పాత నట్టు గూడు 44 ఉంది. 50కి బోరింగ్ చేయించనా?

పాలమూరు ఫిట్టర్ – జూలై 7, ఉదయం 5.45

చెయ్యకు! సాడిల్ గూడు పక్కన గోడ ఎంత మందం ఉందో ముందుగాల కొలు. పోత ఇనుము అది, పలచగైతే ఒక్క దెబ్బకు చిట్లుతది, మళ్ల దొరకది. 25 రాడ్డు తీసుకో, నీ పనికి మస్తు. 40 నట్టు 44 గూట్ల నాలుగు ఎంఎం వదులు ఉంటది, అదే నీకు మంచిది. నట్టుకు వేరే బ్రాకెట్ చేసి సాడిల్ ముఖానికి బోల్టులతో పట్టు, టేబుల్ ఈ కొస నుంచి ఆ కొసకు జరిపి రాడ్డు సమంగా ఉందని డయల్‌తో చూసినంకనే డోవెల్ పిన్నులు కొట్టు. గూడుకు బిగపట్టి కూర్చోబెడితే గూడు వంకరే స్క్రూకు వంకరైతది.

సీ7 అంటే 300 ఎంఎంల 0.05 దాకా తేడా ఉండొచ్చు. రైస్ మిల్లు ఫ్లాంజ్‌కు అది లెక్కలకు రాదు. నేను సికింద్రాబాద్ ప్రాగా సర్ఫేస్ గ్రైండర్ మీద పని నేర్చినోణ్ణి, నాకు మాత్రం 0.05 అంటే గుంత లెక్కనే కనపడతది, అది వేరే సంగతి.

గిర్నీ స్పేర్స్ – జూలై 7, రాత్రి 8.40

గోడ 9 ఎంఎం ఉంది కాకా. 25 రాడ్డే ఖాయం.

జడ్ సంగతి కూడా తేల్చాలి. 'నీ' కిందున్న ఆక్మీ తీసి దానికీ బాల్ స్క్రూ వేయనా?

ఐటీఐ మెషినిస్ట్ – జూలై 8, రాత్రి 9.35

జడ్‌కు ఆక్మీనే ఉంచండి. నీ, సాడిల్, టేబుల్ కలిపి 350 కిలోలు అనుకుందాం. ఆ బరువు ఎప్పుడూ స్క్రూ మర ఒక వైపునే ఆని ఉంటుంది, అందుకే పైకి కిందికి ప్లే ఉన్నా పనిలో కనిపించదు. బాల్ స్క్రూ వేస్తే జారుడు బండే, పట్టుకునేది ఏదీ లేకపోతే తనంతట తనే దిగిపోతుంది.

బ్రేక్ ఉంది కదా అంటారేమో. బ్రేక్ మోటార్ వెనక ఉంది, మోటార్‌కు స్క్రూకు మధ్య బెల్టు ఉంది. బెల్టు తెగితే బ్రేక్ పట్టుకునేది ఖాళీ మోటార్‌ను. ఇంకా ఆ బ్రేక్ నిలబెట్టి ఉంచడానికే, పరుగులో ఉన్నదాన్ని ఆపడానికి కాదు. 24 వోల్ట్‌లు అందితే విడుస్తుంది, కరెంటు పోతే పట్టుకుంటుంది.

బలం మాత్రం చూసుకోవాలి. ఆక్మీ సామర్థ్యం 20 శాతం అనుకుంటే 350 కిలోలు లేపడానికి స్క్రూ దగ్గర దాదాపు 14 న్యూటన్ మీటర్లు కావాలి. మీ హ్యాండిల్ దగ్గర బెవెల్ గేర్ 2:1 ఉంటే అక్కడ 7. బెల్టు 3:1 పెడితే మోటార్ మీద 2.3 పైచిలుకు. అంటే రేటింగ్ అంచున నడుస్తుంది, రోజంతా లేపుతూ దించుతూ ఉంటే వేడెక్కుతుంది. 'నీ' కింద రెండు గ్యాస్ స్ప్రింగులు పెట్టి సగం బరువు తీసేయండి. మొత్తం తీసేయొద్దు, తీసేస్తే ఇందాక చెప్పిన ఆని ఉండే లాభం పోతుంది.

కొత్తూరు వీఎంసీ – జూలై 9, మధ్యాహ్నం 1.30

వీఎంసీ కొనమని ఇంక అనను గానీ, ఒకటి చెప్పాలి. హ్యాండిళ్లు తీసేశావా అన్నా? నేను మొదట పనిచేసిన చోట ఇలాగే మార్చిన మిషన్ ఒకటి ఉండేది. అవసరానికి చేత్తో తిప్పుకుందామని టేబుల్ కొసన హ్యాండిల్ ఉంచేశారు. ర్యాపిడ్ (కోత లేకుండా వేగంగా జరపడం) ఇచ్చినప్పుడు ఆ హ్యాండిల్ ఫ్యాన్ రెక్కలా తిరిగేది. పక్కనుంచి పోతున్న పిల్లవాడి మణికట్టు విరిగింది. ఆ శబ్దం నాకింకా గుర్తుంది.

గిర్నీ స్పేర్స్ – జూలై 9, రాత్రి 8.05

ఎక్స్ హ్యాండిల్ ఇంకా ఉందన్నా. ఇప్పుడే తీసేసి వచ్చి రాస్తున్నా. మూడూ గోడకు వేలాడదీశాను.

షాద్‌నగర్ స్క్రాప్ – జూలై 9, రాత్రి 8.30

గోడకెందుకు, తూకానికి వేయండి. పోత ఇనుముకు మంచి రేటు ఉంది.

గిర్నీ స్పేర్స్ – ఆగస్టు 24, రాత్రి 11.10

మిషన్ కదిలింది! ఎక్స్‌కు 24 పళ్లు, 48 పళ్ల 5ఎం పుల్లీలు, వైకీ అంతే. తమ్ముడు చెప్పిన కార్డు వచ్చింది, అలారం వైర్లు మూడూ కలిపాను. ట్రాన్స్‌ఫార్మర్ సూర్యాపేటలో చుట్టించాను.

రెండు కష్టాలున్నాయి. మొదటిది, వై ఆగి ఉన్నప్పుడు కూడా గుయ్‌మని అరుస్తోంది. గెయిన్ (డ్రైవ్ ఎంత గట్టిగా సరిచేయాలనే సెట్టింగ్) తగ్గిస్తే అరుపు ఆగుతుంది గానీ టేబుల్ మెత్తగా అయిపోతోంది, చేత్తో తోస్తే కొంచెం కదిలి మళ్లీ వెనక్కి వస్తోంది. రెండోది, స్పిండిల్ (కట్టర్‌ను తిప్పేది) స్టార్ట్ చేయగానే ఎక్స్ డ్రైవ్ ఎన్‌కోడర్ అలారం కొడుతోంది. స్పిండిల్‌కు వీఎఫ్‌డీ (మోటార్ వేగం మార్చే డ్రైవ్) ఉంది. ఫోటోలు పెట్టాను.

జడ్చర్ల ప్యానెల్ – ఆగస్టు 25, ఉదయం 8.10

ఫోటో చూడగానే తెలిసింది. వీఎఫ్‌డీ నుంచి స్పిండిల్ మోటార్‌కు పోయే వైర్లు, ఎక్స్ ఎన్‌కోడర్ కేబుల్ ఒకే పీవీసీ కేసింగ్‌లో పడుకోబెట్టావు. అత్తాకోడళ్లను ఒకే గదిలో పెట్టినట్టుంది. వీఎఫ్‌డీ వైరును షీల్డ్ కేబుల్‌తో మార్చు, షీల్డ్‌ను వీఎఫ్‌డీ దగ్గరా మోటార్ దగ్గరా రెండు కొసలకూ ఎర్త్ చెయ్యి. ఎన్‌కోడర్ కేబుల్ కనీసం జానెడు దూరంలో వేరే దారిన పోవాలి. రెండూ దాటక తప్పని చోట అడ్డంగా దాటించు, పక్కపక్కన పరుగెత్తించకు. డ్రైవ్‌లు, వీఎఫ్‌డీ, మిషన్ ఒళ్లు, అన్నిటి ఎర్త్ వైర్లు ఒకే రాగి పట్టీకి చేరాలి. నీ ఫోటోలో ఒక దాని ఎర్త్ ఇంకో దానికి, అది ఇంకో దానికి గొలుసులా ఉంది.

ఎర్త్ గుంత ఎన్నేళ్లది? ఒక బకెట్ నీళ్లు పోసి చూడు.

లైనక్స్ గద్వాల – ఆగస్టు 25, రాత్రి 9.50

అరుపు గురించి: గెయిన్ ముట్టుకోకముందు బెల్టు బిగువు చూడండి. వదులు బెల్టుకు ఎంత ట్యూన్ చేసినా అరుస్తుంది. తర్వాత డ్రైవ్‌లో జడత్వ నిష్పత్తి ఆటోట్యూన్‌తో కొలిపించి వేయండి. ఆ తర్వాత స్పీడ్ లూప్ గెయిన్ కొంచెం కొంచెం పెంచుతూ పోండి. అరుపు మొదలైన చోటు నుంచి పావు వంతు వెనక్కి రండి. అది కుదిరాకే పొజిషన్ గెయిన్. నేను మొదట రెండూ ఒకేసారి కెలికి ఒక రాత్రంతా పరేషాన్ అయ్యా. తెల్లారి మా అమ్మ లేచి, "ఏంట్రా రాత్రంతా తుమ్మెద తోలినవ్?" అంది.

పాలమూరు ఫిట్టర్ – ఆగస్టు 26, ఉదయం 5.55

వై జిబ్ (స్లైడ్ వదులు తీసే బద్ద) ఎంత బిగించినవు? మోటార్ విప్పి స్క్రూను చేత్తో తిప్పు, ఈ కొస నుంచి ఆ కొసకు ఒకే తీరు బరువు ఉండాలె. ఒక్క చోట బిగుసుకున్నా మోటార్ అక్కడ పట్టి పట్టి జరుగుతది. స్లైడ్‌కు 68 గ్రేడ్ స్లైడ్‌వే ఆయిలే పొయ్యి, ఇంజన్ ఆయిల్ కాదు.

షాద్‌నగర్ స్క్రాప్ – ఆగస్టు 26, ఉదయం 9.20

చివరికి సర్వోకు సర్వో ఆయిల్ పోయొద్దంటారా.

గిర్నీ స్పేర్స్ – సెప్టెంబర్ 3, రాత్రి 10.00

కేబుల్స్ విడదీశాక అలారం పోయింది. ఎర్త్ గుంత ఎండిపోయి ఉంది, బొగ్గు, ఉప్పు వేసి కొత్తగా కట్టించాను. వై అరుపుకు కారణం జిబ్. మరీ బిగించేశాను, పావు చుట్టు వదిలితే చాలా వరకు ఆగింది, మిగతాది గెయిన్‌తో సరిపోయింది.

ఇప్పుడు 80 ఎంఎం గుండ్రం ఒకటి ఎంఎస్ ప్లేట్‌లో కోశాను. దూరం నుంచి అద్దంలా ఉంది. గోరుతో అంచు చుట్టూ తడిమితే రెండే చోట్ల మెట్టు తగులుతోంది, గడియారంలో 12 దగ్గర, 6 దగ్గర. 3, 9 దగ్గర ఏమీ లేదు. డ్రైవ్‌లో ఎర్రర్ చూస్తే సున్నా, అటో ఇటో ఒక పల్సు.

ఐటీఐ మెషినిస్ట్ – సెప్టెంబర్ 3, రాత్రి 10.20

12, 6 దగ్గర దిశ మారేది వై. ఎక్స్ బాగుంది, వైలో ప్లే ఉంది. డ్రైవ్ సున్నా చూపిస్తోందంటే ప్లే ఎన్‌కోడర్‌కు ఇవతల, అంటే పుల్లీ నుంచి టేబుల్ దాకా ఎక్కడో. ఫిట్టర్ గారి గోలీ మళ్లీ బయటికి తీయండి.

గిర్నీ స్పేర్స్ – సెప్టెంబర్ 4, రాత్రి 9.30

గోలీ పెట్టాను. వై స్క్రూ 0.03 ముందుకు వెనక్కి పోతోంది. లాక్‌నట్టు ఎంత బిగించినా అంతే.

పాలమూరు ఫిట్టర్ – సెప్టెంబర్ 5, ఉదయం 6.00

యాంగులర్ కాంటాక్ట్ బేరింగులు జత ఏసినవు గద, 7204లు? బయటికి తీసి చూడు, రెండిటి అక్షరాలు ఏ దిక్కు చూస్తున్నయి?

గిర్నీ స్పేర్స్ – సెప్టెంబర్ 5, రాత్రి 8.15

రెండూ ఒకే దిక్కు కాకా.

పాలమూరు ఫిట్టర్ – సెప్టెంబర్ 6, ఉదయం 5.50

అదే మరి. ఎడ్లను రెండిటినీ బండికి ఒకే దిక్కు కట్టినట్టైంది, ముందుకు గుంజుతయి, వెనక్కి ఆపవు. ఒకదాన్ని తిప్పు. బయటి రింగు మందమైన అంచులు రెండూ ఒకదానికొకటి ఆనాలె, వీపుకు వీపు. అట్ల పెట్టి లాక్‌నట్టు బిగిస్తే రెండు దిక్కులా పట్టుకుంటది. బిగించినంక చేత్తో తిప్పితే మెత్తగా, కొంచెం బరువుగా తిరగాలె, గరగరమనొద్దు.

కొత్తూరు వీఎంసీ – సెప్టెంబర్ 6, మధ్యాహ్నం 2.00

ఇది మా కంపెనీలో కూడా జరిగింది, చేసింది నేనే. ఎవరికీ చెప్పలేదు, ఇక్కడ చెప్తున్నా.

గిర్నీ స్పేర్స్ – అక్టోబర్ 2, రాత్రి 9.00

బేరింగ్ తిప్పాక గోలీ మీద ముల్లు కదలడం లేదు. గుండ్రం మళ్లీ కోశాను, గోరుకు ఏమీ తగలడం లేదు. ఎక్స్ అడ్డంగా, వై నిలువుగా కొలిస్తే రెంటికీ తేడా 0.02.

వానాకాలం వడ్లు ఇంకో నెలలో మిల్లులకు వస్తాయి, ఆర్డర్లు మొదలయ్యాయి. మొన్న అదే మిల్లు నుంచి మళ్లీ 12 ఫ్లాంజ్‌లు అడిగారు. నిమిషానికి 600 ఎంఎం ఫీడ్‌తో నడిపాను. పాతదాంట్లో 180 దాటితే గుండె దడే. తొమ్మిదో ముక్కకు మాత్రం చాయ్‌కి పోలేదు, పక్కనే నిలబడి రంధ్రం రంధ్రానికీ మొదటి ముక్క పెట్టి చూశాను. ఆరూ సరిగ్గా పడ్డాయి. జడ్ మోటార్ గంట తర్వాత ముట్టుకుంటే గోరువెచ్చగా ఉంది, గ్యాస్ స్ప్రింగులు మేడం చెప్పినట్టే సగం బరువుకే పెట్టాను. స్లైడ్లకు రబ్బరు వైపర్లు, ముందు తోలు కవర్ వేశాను. తెల్లబట్టతో తుడిస్తే ఇంకా కొంచెం బూడిద వస్తోంది కాకా, మిల్లులు ఆపమనలేను కదా.

లైనక్స్ గద్వాల – అక్టోబర్ 2, రాత్రి 9.25

సూపర్ అన్నా! ఆ పాత 86 స్టెప్పర్లు రెండూ ఏం చేశారు? అమ్ముతారా?

గిర్నీ స్పేర్స్ – అక్టోబర్ 2, రాత్రి 9.31

ఒకటి రోటరీ టేబుల్‌కు కట్టుకున్నా తమ్మీ, గేర్లు కోయడానికి. మెల్లగా తిరిగితే దానికేం బాధ లేదు. రెండోది నీకే, డబ్బులొద్దు. మహబూబ్‌నగర్ బస్సులో కాక దగ్గరికి పంపిస్తా, అక్కడి నుంచి తీసుకో.

షాద్‌నగర్ స్క్రాప్ – అక్టోబర్ 2, రాత్రి 9.40

ఆ హ్యాండిళ్లు ఇంకా గోడకే ఉన్నాయా?